దుర్గాబాయమ్మని హాస్పిటల్ బోర్డు మీదే వదిలేశామా?

కొండమీద ఇల్లు (విజయవాడ), ఆదివారం రాత్రి 9:42

మా చెల్లెలి కూతురు సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చింది. ఏడో తరగతి, నోరు ఆగదు. నిన్న ఎండ తగ్గాక స్వరాజ్య మైదానంలో అంబేడ్కర్ విగ్రహం చూపిద్దామని తీసుకెళ్ళాను. (పుస్తకాల పండగ అక్కడ జరిగే రోజుల్లో జనవరి మొదటి పది రోజులు ఆ దుమ్ములోనే తిరిగేవాళ్ళం. చేతిలో పుస్తకాల సంచీ, ఇంకో చేతిలో బజ్జీల పొట్లం. అదంతా ఇప్పుడు లేదు.) 125 అడుగుల విగ్రహం, కింద పీఠం ఇంకో 81 అడుగులు. ఆ పిల్ల తల వెనక్కి వాల్చి చూస్తూ చూస్తూ "పెద్దమ్మా, రాజ్యాంగం రాసినవాళ్ళలో మన తెలుగు ఆడవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అంది.

నేను టక్కున "దుర్గాబాయి దేశ్‌ముఖ్" అన్నాను, గర్వంగానే.

"అది హాస్పిటల్ కదా?" అంది. రోజూ స్కూలు బస్సు విద్యానగర్ మీదుగా వెళ్తుందట, బోర్డు చూస్తుందట.

కాదమ్మా, ఆవిడ గొప్ప స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘసేవకురాలు అని మొదలుపెట్టాను, అక్కడితో ఆగిపోయాను. ఆ రెండు మాటల తర్వాత నా దగ్గర ఏమీ లేదు. పిల్ల అడిగింది రాజ్యాంగం గురించి, నేను చెప్పింది సేవ గురించి. ఇంటికొచ్చినా అదే గుచ్చుకుంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఢిల్లీలో ఆవిడ నిజంగా చేసిందేంటి? పిల్ల శుక్రవారం వెళ్ళిపోతుంది, ఈలోపల చెప్పాలి.

బ్రాడీపేట బుల్లోడు (గుంటూరు), ఆదివారం రాత్రి 10:05

టికెట్ కథ చెప్పాల్సింది అక్కా, పిల్లలకి అదొక్కటి చాలు. 1923, కాకినాడలో కాంగ్రెస్ మహాసభ, పక్కనే ఖద్దరు ఎగ్జిబిషన్, గేటు దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్ లేనివాళ్ళని వదలొద్దని ఎవరో చెప్పారు, ఆ పిల్ల వదల్లేదు. వచ్చింది నెహ్రూ. ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చి పిల్లని కేకలేసి, చివరికి రెండణాల టికెట్ కొన్నాకే ఆయన లోపలికి వెళ్ళింది. నెహ్రూ మాత్రం పిల్లని మెచ్చుకున్నాడు.

ఇంకోటి. ఆ సభకి ఆహ్వాన సంఘం అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మా గుంటూరు దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు. కాబట్టి ఈవిడ కెరీర్ మొదలైంది గుంటూరువాళ్ళ గేటు దగ్గర. రాసుకోండి.

గ్రూప్స్ కుర్రాడు (విజయవాడ), ఆదివారం రాత్రి 10:21

జననం 1909 జూలై 15, రాజమండ్రి. ఆంధ్ర మహిళా సభ 1937, మద్రాసు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు, 1953. పద్మవిభూషణ్ 1975. మరణం 1981 మే 9. రాజ్యాంగ సభలో మొత్తం మహిళలు 15 మంది. ఇవి బిట్లుగా వస్తాయి అక్కా, మాకు కోచింగ్‌లో పాట పాడినట్టు పాడించారు.

కొండమీద ఇల్లు, ఆదివారం రాత్రి 10:30

థాంక్స్ తమ్ముడూ. కానీ ఇవి చెప్తే ఆ పిల్ల నిద్రపోతుంది.

రిటైర్డ్ మాస్టారు (గుంటూరు), సోమవారం ఉదయం 5:50

బుల్లోడూ, గుంటూరు పేరు ఎత్తావు కాబట్టి చెప్తున్నాను, మీ వెంకటప్పయ్యగారికి ఈ అమ్మాయి చేతిలో అంతకు రెండేళ్ళ ముందే ఒక అనుభవం ఉంది.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఈవిడకి పన్నెండేళ్ళు. ఊళ్ళో దేవదాసీ స్త్రీలూ, బురఖాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన్ని ఒక్కసారైనా చూడాలని ఈవిడ పట్టు. పెద్దలు ఐదువేల రూపాయలు విరాళం పోగుచేస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో ఐదువేలంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. వేళాకోళానికే అన్నారో ఏమో. ఆ దేవదాసీలే డబ్బు పోగుచేసి ఇచ్చారు. గాంధీగారు ఐదు నిమిషాలకని వచ్చి అరగంట పైన ఉండిపోయారు, ఆడవాళ్ళు ఒంటిమీద గాజులూ గొలుసులూ తీసి ఆయన ముందు పెట్టారు. ఆయన హిందుస్తానీలో మాట్లాడుతుంటే ఈ అమ్మాయి తెలుగు చేసింది. అక్కడినుంచి టౌన్‌హాల్లో పెద్ద సభ. అక్కడ రోజూ అనువాదం చేసే పెద్దమనిషి వెంకటప్పయ్యగారు సిద్ధంగా ఉన్నారు. గాంధీగారు ఇవాళ ఈ అమ్మాయి చేస్తుందని చెప్పేశారట. ఇది ఆవిడే తర్వాత చెప్పుకున్న సంగతి.

సేవ, సేవ అంటాం గానీ ఇందులో ఆ పిల్ల చేసింది సేవ కాదు, బేరం. ఎవరి దగ్గర అధికారం ఉందో చూసుకుని, వాళ్ళు పెట్టిన షరతు ఒప్పుకుని, నెరవేర్చి, తనకి కావలసింది పట్టుకెళ్ళింది. రాజకీయం అంటే అంతకంటే ఏముంది?

బ్రాడీపేట బుల్లోడు, సోమవారం ఉదయం 8:15

మాస్టారూ, పొద్దున్నే మా గుంటూరు పరువు తీశారు.

పటమట పాతకాపు (విజయవాడ), సోమవారం ఉదయం 9:02

పరువు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 1952 నుంచి ఇప్పటిదాకా గుంటూరు నుంచి లోక్‌సభకి ఒక్క ఆడమనిషి వెళ్ళిందా? మా బెజవాడ మూడుసార్లు పంపింది. 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ, 1980లోనూ 1989లోనూ చెన్నుపాటి విద్య.

బ్రాడీపేట బుల్లోడు, సోమవారం ఉదయం 9:10

అచ్చమాంబ అంటే కథలు రాసినావిడ కదా? ఆవిడ ఎంపీ ఎప్పుడైంది?

రిటైర్డ్ మాస్టారు, సోమవారం ఉదయం 9:48

ఇద్దరున్నారు నాయనా. కథలు రాసినావిడ భండారు అచ్చమాంబ, 1905లోనే పోయింది. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నాయన. అక్క పేరే కూతురికి పెట్టుకున్నారు. ఆ కూతురు డాక్టరై, విజయవాడలో ప్రాక్టీసు పెట్టి, కమ్యూనిస్టులతో కొన్నాళ్ళు ఉండి, తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చి 1957లో ఎంపీ అయింది. గర్భిణీలకీ బాలింతలకీ పనికొచ్చే పుస్తకం కూడా రాసింది. మేనత్త రాసింది ఆడవాళ్ళ చరిత్ర, మేనకోడలు రాసింది ఆడవాళ్ళ ఆరోగ్యం. ఈవిడ గురించి వేరే చర్చ పెట్టాలి, ఇక్కడ కలపొద్దు.

గ్రూప్స్ కుర్రాడు, సోమవారం ఉదయం 10:12

ఒక డౌట్. మొదటి ఎన్నికల్లో విజయవాడ ఎంపీ హరీంద్రనాథ్ చటోపాధ్యాయ కదా. ఆయన సరోజినీ నాయుడి తమ్ముడు. మరి సరోజినీ నాయుడు కూడా రాజ్యాంగ సభలో ఉంది, ఆవిణ్ణి తెలుగావిడ అనకూడదా? భర్త గోవిందరాజులు నాయుడు తెలుగే.

కొండమీద ఇల్లు, సోమవారం ఉదయం 10:40

అనుకోవచ్చు, పుట్టింది పెరిగింది హైదరాబాదే. కానీ బెంగాలీ ఇంటి పిల్ల. పైగా ఆవిడకి మన సహాయం అక్కర్లేదు, 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలు, 1947లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కి గవర్నరు, ఎవరూ మర్చిపోలేదు. నేనడిగింది మర్చిపోయినావిడ గురించి.

పటమట పాతకాపు, సోమవారం మధ్యాహ్నం 1:20

విద్యగారి మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పి మళ్ళీ దారిలోకొస్తా. 1980లో నేను కాలేజీ కుర్రాణ్ణి, జీపులో మైకు పట్టుకుని తిరిగాను. కృష్ణలంక సందుల్లో జీపు పోదు, ఆవిడ దిగి నడిచేది. మేమంతా వెనకాల జిందాబాద్ కొడుతుంటే ఆవిడ ఒక గుమ్మం ముందు ఆగి, లోపల ఆడవాళ్ళతో కుళాయి గురించి మాట్లాడుతూ అక్కడే పావుగంట ఉండిపోయింది. మాకు గొంతు ఎండిపోయి చిరాకు. మా నాయకుడొకాయన "ఇలా ఐతే ఇవాళ రెండు సందులు కూడా అవ్వవు" అని సణిగాడు. ఆవిడ గెలిచింది.

తమాషా ఏంటంటే వాళ్ళ నాన్న గోరాగారు పార్టీల్లేని ప్రజాస్వామ్యం కావాలన్న మనిషి. కూతురు పార్టీ టికెట్ మీద పార్లమెంటుకి వెళ్ళింది. 1984లో ఇక్కడ వడ్డే శోభనాద్రీశ్వరరావు గెలిచాడు, అయినా 1989లో మళ్ళీ ఈవిడకే టికెట్ ఇచ్చారు, మళ్ళీ గెలిచింది. ఈ "మళ్ళీ" అన్నమాట దగ్గరే నాకు దుర్గాబాయి గుర్తొస్తుంది. ఆవిడకి రెండోసారి రాలేదు.

నల్లకోటు (విజయవాడ), సోమవారం రాత్రి 8:55

కోర్టు నుంచి వచ్చి ఇప్పుడే చూశాను. బాబాయ్ అసలు పాయింట్ మీద చెయ్యి పెట్టారు.

లాయర్‌గా నా కోణంలో చెప్తా. ఆవిడ ఉప్పు సత్యాగ్రహంలో 1930లో ప్రకాశంగారితో మద్రాసులో దిగి జైలుకి వెళ్ళింది. వెల్లూరు, మధుర (మదురై), మొత్తం మూడుసార్లు. మధుర జైల్లో ఏడాది ఒంటరి ఖైదు. బయటికొచ్చాక మనిషి మామూలుగా ఏం చేస్తుంది, దండలు వేయించుకుని సభల్లో కూర్చుంటుంది. ఈవిడ బడికెళ్ళింది! ఇరవై దాటాక మెట్రిక్ చదివింది. ఎందుకంటే జైల్లో తనతో పాటు ఉన్న ఆడఖైదీలు చాలామందికి తమ మీద కేసేంటో, శిక్షేంటో కూడా తెలియదు, సంతకం పెట్టమన్నచోట వేలిముద్ర వేశారు. అది చూసింది.

ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, పదిహేనేళ్ళొచ్చాక ఆ పెళ్ళి నాకు వద్దని చెప్పేసింది. అలాంటి మనిషి బనారస్ యూనివర్సిటీ మెట్రిక్ పాసై, వాల్తేరు వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీలో బీఏలో చేరతానంటే అక్కడ ఆడపిల్లలకి హాస్టల్ లేదు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. హాస్టల్ లేదు కాబట్టి సీటు కుదరదన్నారు. ఈవిడ పేపర్లో ప్రకటన ఇచ్చింది, హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరన్నా ఉంటే రండి అని. వచ్చారు. అందరూ కలిసి హాస్టల్ పెట్టుకున్నారు. ఇక కట్టమంచివారు కాదనడానికి ఏముంది?

తర్వాత మద్రాసులో లా. క్రిమినల్ ప్రాక్టీస్. ఆ తర్వాత 1946లో రాజ్యాంగ సభ. అంటే ఆవిడ అక్కడికి పోయింది ఖద్దరు చీర కట్టుకున్న సేవకురాలిగా కాదు, బార్‌లో ఆరితేరిన లాయర్‌గా. మన పాఠాల్లో ఈ ముక్క ఎక్కడన్నా ఉందా?

గ్రూప్స్ కుర్రాడు, సోమవారం రాత్రి 9:20

లేదు అక్కా. మా మెటీరియల్లో ఒక్క లైనే, "ప్రముఖ సంఘసేవకురాలు".

రిటైర్డ్ మాస్టారు, మంగళవారం ఉదయం 5:40

రాత్రి నిద్ర పట్టలేదు, సరే రాద్దామని కూర్చున్నాను. నిడివి క్షమించండి.

రాజ్యాంగ సభలో ఆవిడ మాట్లాడనిది తక్కువ. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే పానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ. అమ్మాయీ, మీ చెల్లెలి కూతురికి చెప్పడానికి రెండు సంగతులు ఇస్తాను.

మొదటిది. రాజ్యసభకి పోటీ చేయాలంటే కనీస వయసు ముప్పై ఏళ్ళు కదా. ముసాయిదాలో ముప్పై ఐదు అని ఉంది. దాన్ని ముప్పైకి దించమని సవరణ పెట్టింది దుర్గాబాయి, సభ ఒప్పుకుంది. వయసు పెరిగితేనే తెలివి వస్తుందని లేదన్నది ఆవిడ వాదం. అప్పటికి ఆవిడకి నలభై. తనకి ఆ సవరణతో పనిలేదు. తర్వాతివాళ్ళ కోసం గేటు కొంచెం తెరిచింది. (పాపం, గేట్ల దగ్గర ఆవిడకి మంచి అనుభవం.)

రెండోది నాకు ఇంకా ఇష్టం. భాష మీద చర్చ. ఈవిడ చిన్నప్పుడే హిందీ నేర్చుకుని, కాకినాడలో ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టి నేర్పిన మనిషి. హిందీ మీద ద్వేషం ఉండే ప్రశ్నే లేదు. అలాంటి మనిషి 1949లో సభలో లేచి, హిందీ వాళ్ళు చేస్తున్న హడావుడి చూసి దిగ్భ్రాంతి కలిగిందనీ, మేము ఇష్టంతో నేర్చుకున్నదాన్ని మీరు బలవంతంగా రుద్దేట్టు ఉన్నారనీ అర్థం వచ్చేట్టు మొహం మీదే చెప్పింది. సంస్కృతం కూరిన హిందీ వద్దు, హిందీ ఉర్దూ కలిసిన హిందుస్తానీ కావాలి, దక్షిణాదివాళ్ళకి నేర్చుకోడానికి పదిహేనేళ్ళు టైం ఇవ్వాలని అడిగింది. హిందుస్తానీ మాట నెగ్గలేదు, పదిహేనేళ్ళ గడువు మాత్రం వచ్చింది. ఆ గడువు ఒక్కరి వల్ల వచ్చిందని నేననను, చాలామంది కొట్లాడారు. కానీ హిందీ టీచరే లేచి హిందీవాళ్ళని మందలించడం మాత్రం ఒక్కరే చేయగలరు.

బ్రాడీపేట బుల్లోడు, మంగళవారం ఉదయం 8:30

ఇది తెలియదు మాస్టారూ. నిజంగా తెలియదు. మా ఆఫీసులో హిందీ గొడవ వచ్చినప్పుడల్లా నాకు మాట దొరకదు, ఇక దొరికింది.

పటమట పాతకాపు, మంగళవారం ఉదయం 9:15

ఇప్పుడు నా అసలు కోపం చెప్తాను. 1952 ఎన్నికల్లో ఈవిడ లోక్‌సభకి పోటీ చేసి ఓడిపోయింది. సరే. ఆ ఏడు మన కోస్తాలో కాంగ్రెస్ ఊడ్చిపెట్టుకుపోయింది, కమ్యూనిస్టుల గాలి, అది ఆవిడ తప్పు కాదు. ప్రకాశంగారు (అప్పటికి కాంగ్రెస్ వదిలేశాడు) కూడా ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. నీలం సంజీవరెడ్డి అనంతపురంలో సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయాడు.

ఇప్పుడు చూడండి. ప్రకాశంగారు మరుసటి ఏడాదే ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి. సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. ఒకే ఎన్నికల్లో ఓడిన ముగ్గురు. మగవాళ్ళిద్దరికీ అది ఒక మెట్టు జారడం, ఆడమనిషికి అదే చివరి మెట్టు. ఆవిడ జీవితంలో ఎప్పుడూ లోక్‌సభలో అడుగు పెట్టలేదు. ఢిల్లీవాళ్ళు "అమ్మా, నువ్వు సంక్షేమం చూసుకో" అన్నారు. సంక్షేమం అంటే అప్పట్లో ఆడవాళ్ళ వాకిలి.

నల్లకోటు, మంగళవారం మధ్యాహ్నం 2:05

బాబాయ్, సగం ఒప్పుకుంటాను. సగం ఒప్పుకోను. ఓడిపోయిన వెంటనే నెహ్రూ ఆవిణ్ణి తీసుకెళ్ళి ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా కూర్చోబెట్టాడు. 1952లో ప్రణాళికా సంఘం అంటే వెనక బెంచీ ఎంపీ కంటే వందరెట్లు ఎక్కువ. మొదటి పంచవర్ష ప్రణాళికలో సాంఘిక సేవలకి డబ్బు ఎక్కడ పోవాలో చెప్పే కుర్చీ అది. అక్కడినుంచే 1953 ఆగస్టులో సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది. ఊళ్ళల్లో మహిళా మండళ్ళకి ఢిల్లీ డబ్బు చేరే దారి ఆవిడ వేసింది. ఇది పక్కకి నెట్టడమా?

పటమట పాతకాపు, మంగళవారం మధ్యాహ్నం 2:40

కుర్చీ ఇచ్చింది నెహ్రూ. ఇచ్చినవాడు తీసెయ్యగలడు. ఓటుతో వచ్చిన కుర్చీని ఎవరు తీస్తారు? తేడా అదీ.

నల్లకోటు, మంగళవారం మధ్యాహ్నం 2:52

ఓటు కుర్చీని ఓటరే తీశాడుగా 1952లో.

బ్రాడీపేట బుల్లోడు, మంగళవారం మధ్యాహ్నం 3:00

(పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నాను)

శాంత (హైదరాబాద్), మంగళవారం సాయంత్రం 5:33

ఆర్థిక మంత్రిని పెళ్ళి చేసుకుంది కాబట్టి అన్నీ వచ్చాయని ఎవరూ అనలేదేంటి? నిజం మాట్లాడుకుందాం.

నల్లకోటు, మంగళవారం సాయంత్రం 6:10

ఎవరూ అనలేదు ఎందుకంటే తేదీలు అలా లేవు కాబట్టి. రాజ్యాంగ సభ 1946. ప్రణాళికా సంఘం 1952. చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పెళ్ళి 1953 జనవరి, రిజిస్టర్ పెళ్ళి, నెహ్రూ సాక్షి సంతకం. పెళ్ళికి ముందే ఇద్దరూ అదే సంఘంలో సహోద్యోగులు. ఆయన రిజర్వు బ్యాంకుకి తొలి భారతీయ గవర్నరు, గొప్పవాడే, కానీ ఈవిడ కాకినాడ గేటు దగ్గర నిలబడేనాటికి ఈవిడెవరో ఆయనకి తెలియదు. ఇంకో సంగతి, 1956లో బొంబాయి నగరం విషయంలో ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చి దిగిపోయాడు. ఈవిడ పని ఆగలేదు. 1958లో మహిళా విద్య మీద జాతీయ సంఘానికి అధ్యక్షురాలు.

మగ నాయకుడి గురించి రాసేటప్పుడు ఎవరన్నా "పెళ్ళాం వల్ల వచ్చింది" అని అడుగుతారా శాంతగారూ?

శాంత, మంగళవారం సాయంత్రం 6:25

అడుగుతారండీ, అల్లుళ్ళ గురించి. మన రాష్ట్రంలోనే.

నిర్వాహకులు, మంగళవారం సాయంత్రం 6:31

ఇప్పటి రాజకీయాల వైపు పోవద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాం.

నల్లకోటు, మంగళవారం రాత్రి 9:30

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది, గొడవలో పోయింది.

నేను ఫ్యామిలీ కోర్టులో కేసులు చేస్తాను. ఆ కోర్టు అనే ఆలోచన మన దేశంలో మొదట గట్టిగా ఎత్తినవాళ్ళలో దుర్గాబాయి ఒకరు. 1953లో చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసింది. మొగుడూ పెళ్ళాల తగువునీ పొలం గట్టు తగువునీ ఒకే హాల్లో ఒకే పద్ధతిలో నడిపితే ఆడమనిషి చితికిపోతుందని, జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్‌లతో మాట్లాడి నెహ్రూ దాకా తీసుకెళ్ళింది. చట్టం మాత్రం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్ళు.

మొన్న గురువారం వరండాలో ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. చంకలో పిల్ల, చేతిలో ఒక చీరల కొట్టు కవరు. అందులో పెళ్ళి ఫొటోలు, ఆధార్, పిల్ల టీకాల కార్డు, భర్త పంపిన వాట్సాప్ మెసేజీలు జిరాక్స్ తీయించిన కట్ట. అన్నీ తడిసిపోకుండా ఇంకో కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసింది. మెయింటెనెన్స్ కేసు. పేరు పిలిచారు, అవతలివాళ్ళు రాలేదు, వాయిదా. బయటికొచ్చి నన్ను అడిగింది, "మేడమ్, వాయిదా అంటే ఓడిపోయినట్టా?"

కాదమ్మా అన్నాను. పిల్ల ఆ రబ్బరు బ్యాండు లాగి నోట్లో పెట్టుకోబోతే తల్లి లాక్కుని మళ్ళీ కట్టకి వేసింది.

ఆ చట్టంలో ఒక మాటుంది, ఫ్యామిలీ కోర్టులో లాయరు పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి ఇస్తేనే. అంటే కక్షిదారు తన మాట తానే చెప్పుకోగలగాలని ఉద్దేశం. మధుర జైల్లో వేలిముద్రలు వేసిన ఆడవాళ్ళ దగ్గరినుంచి ఇక్కడిదాకా ఒకే దారి కనిపిస్తుంది నాకు. ఆచరణలో ఎలా ఉందంటే, అది వేరే చర్చ, నా పొట్టకూడు కూడా అదే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

రిటైర్డ్ మాస్టారు, బుధవారం ఉదయం 6:05

ఆస్తి సంగతి కూడా కలుపు అమ్మా. హిందువుల పెళ్ళి, ఆస్తి చట్టాలు మార్చే హిందూ కోడ్ బిల్లు కోసం నిలబడ్డవాళ్ళలో ఈవిడ ఉంది. ఆ బిల్లు ముందుకు కదలకనే అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదిలేశాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చట్టాలొచ్చాయి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా మన రాష్ట్రంలో 1986లో రామారావుగారి హయాంలో వస్తే, దేశం మొత్తానికి 2005లో వచ్చింది. అదే కొండమీద అమ్మాయి చెల్లెలి కూతురికి చూపించిన అంబేడ్కర్ విగ్రహానికీ ఈవిడకీ ఉన్న చుట్టరికం.

పటమట పాతకాపు, బుధవారం ఉదయం 9:00

చట్టం ఉంది. మా వీధిలో అక్కచెల్లెళ్ళ చేత రిజిస్ట్రార్ ఆఫీసులో "నాకు వద్దు" సంతకాలు పెట్టించే అన్నదమ్ములూ ఉన్నారు. ఇక ఆపుతా.

తెనాలి మనవరాలు (గుంటూరు), బుధవారం మధ్యాహ్నం 12:45

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది.

మా అమ్మమ్మకి పందొమ్మిదేళ్ళకే తాతయ్య పోయాడు. చేతిలో మా అమ్మ, ఏడాది పిల్ల. చదువు నాలుగో తరగతి. 60ల మధ్యలో ఊళ్ళోకి ఒక గ్రామసేవిక వచ్చి, పట్నంలో మహిళా మండలి వాళ్ళు పెద్దవయసు ఆడవాళ్ళకి రెండేళ్ళలో మెట్రిక్ కట్టిస్తున్నారు, భోజనం పెడతారు, స్టైపెండ్ కూడా ఇస్తారు అని చెప్పింది. అమ్మమ్మ దాన్ని ఇప్పటికీ "కండెన్సుడు కోర్సు" అనే అంటుంది. కండెన్స్‌డ్ మిల్క్ లాగా చదువుని మరిగించి చిక్కగా పోశారమ్మా అంటుంది.

అది సంక్షేమ బోర్డు 1958లో మొదలుపెట్టిన పథకం అని నాకు ఈ చర్చలో పేర్లు చూసి వెతికితే తెలిసింది. అమ్మమ్మ అది పాసై, ట్రైనింగ్ చేసి, తనే గ్రామసేవిక అయింది. పెన్షన్ వస్తుంది. మా అమ్మని చదివించింది. పాతకాపుగారూ, మీరు సంక్షేమం అంటే పక్కకి నెట్టడం అన్నారు కదా. మా ఇంట్లో బియ్యం ఆ పక్క నుంచే వచ్చాయి.

పటమట పాతకాపు, బుధవారం మధ్యాహ్నం 1:10

తల్లీ, మీ అమ్మమ్మగారి మాట మీద నేను మాట్లాడను. నమస్కారం చెప్పు. కానీ నేనన్నది వేరు. ఆ పథకం వేసిన మనిషి పార్లమెంటులో కూడా ఉండి ఉంటే ఇంకేం జరిగేదో కదా అని.

తెనాలి మనవరాలు, బుధవారం మధ్యాహ్నం 1:22

అది మాత్రం నిజమే అండి.

గ్రూప్స్ కుర్రాడు, బుధవారం సాయంత్రం 4:00

చట్టసభల్లో ఆడవాళ్ళకి 33 శాతం సీట్ల చట్టం 2023లో పాసైంది, 106వ సవరణ. కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు. గుంటూరు లెక్క అప్పుడన్నా మారుతుందేమో బుల్లోడు అన్నా.

బ్రాడీపేట బుల్లోడు, బుధవారం సాయంత్రం 4:18

మళ్ళీ నా మీదకే వచ్చారు. ఒరే తమ్ముడూ, 1922లోనే ఉన్నవ లక్ష్మీబాయమ్మగారూ లక్ష్మీనారాయణగారూ ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టిన ఊరు మాది. ఎంపీని పంపలేదు, ఒప్పుకుంటా. చదువుకున్న ఆడవాళ్ళని మాత్రం దేశమంతా పంపాం.

కొండమీద ఇల్లు, గురువారం రాత్రి 10:15

అందరికీ దండాలు. పిల్ల రేపు పొద్దున్న ట్రైనెక్కుతుంది. ఇవాళ రాత్రి డాబా మీద పడుకుని చెప్పాను. కొండ మీద మా ఇల్లు కాబట్టి కింద ఊరంతా లైట్లు కనిపిస్తాయి, దోమలు కూడా బాగానే ఉంటాయి.

టికెట్ కథకి నవ్వింది. హిందీ టీచర్ కథకి "వాళ్ళ హిందీ టీచర్ మంచిది, మా టీచర్ కొడుతుంది" అంది. ముగ్గురు ఓడిపోయిన కథ చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆవిడకి మళ్ళీ పోటీ చేయాలని లేదా, లేకపోతే వాళ్ళే ఇవ్వలేదా?" అంది. నాకు తెలియలేదు. మీలో పాతకాపుగారూ నల్లకోటుగారూ తేల్చుకోలేని చోటే అడిగింది.

తెనాలి మనవరాలుగారూ, మీ అమ్మమ్మగారి కథ కూడా చెప్పాను. దాని మీద ఒక ప్రశ్న ఉంది. అన్నేళ్ళ తర్వాత చదివితే మొదటిసారే పాసైపోయారా అని.

తెనాలి మనవరాలు, గురువారం రాత్రి 10:50

ఫోన్ చేసి అడిగాను, ఇంకా పడుకోలేదు. లెక్కల్లో తప్పిందట. చక్రవడ్డీ లెక్క సగంలో ఉండగా గంట కొట్టేశారట, ఇప్పటికీ ఆ లెక్క గుర్తుందట.

కొండమీద ఇల్లు, గురువారం రాత్రి 10:56

పిల్ల పక్కనే ఉంది, ఫోన్ లాక్కుంటోంది. "మరి మళ్ళీ రాయనిచ్చారా?" అని అడగమంటోంది.

తెనాలి మనవరాలు, గురువారం రాత్రి 11:03

రాయనిచ్చారు. సెప్టెంబర్లో.